న్యాయవాది లింక్డిన్‌లో ఎంతవరకు కనిపించవచ్చు?

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మా ఇంట్లో నాకంటే ముందు వకీళ్లెవరూ లేరు. ఇటీవలే సీనియర్ గారి ఆఫీసు నుంచి బయటికి వచ్చి సొంతంగా సివిల్ కేసులు చూసుకుంటున్నాను. హైదరాబాద్, బెంగళూరులలో ఉన్న నా సహాధ్యాయులు లింక్డిన్‌లో తరచూ ఏదో ఒకటి రాస్తుంటారు. నేనూ అలా రాస్తే కేసులు వస్తాయా? బార్ కౌన్సిల్ అభ్యంతరపెడుతుందా?
– ఒక యువ న్యాయవాది

జవాబు: రెండో ప్రశ్న తేలితే గానీ మొదటిదానికి అర్థం లేదు కనుక ముందు దాని సంగతి చూద్దాం. న్యాయవాద వృత్తిని నియంత్రించే భారత బార్ కౌన్సిల్ నియమావళిలోని 36వ నియమం ప్రకారం న్యాయవాది ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ పని అడగరాదు, ప్రకటనలు ఇచ్చుకోరాదు. కరపత్రాలు, దళారులు, పరిచయం లేనివారికి రాసే ఉత్తరాలు, తాను వాదించిన కేసుల గురించి పత్రికల్లో వేయించుకునే వ్యాఖ్యలు, ఫోటోలు అన్నీ ఈ నిషేధం కిందికే వస్తాయి. బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద ఫలానా రకం కేసుల్లో నిపుణులమని రాసుకోవడం కూడా కుదరదు. 2008లో చేసిన సవరణతో వెబ్‌సైట్ పెట్టుకోవడానికి మాత్రం అనుమతి లభించింది. అందులో పేరు, చిరునామా, ఫోను, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, సభ్యత్వం ఉన్న బార్ అసోసియేషన్, విద్యార్హతలు, ప్రాక్టీసు చేసే రంగాలు ఇవ్వవచ్చు. ఆ సవరణ వెబ్‌సైట్ల కోసం రాసినదే అయినా, లింక్డిన్ ప్రొఫైల్‌ను కూడా ఆ హద్దుల్లోనే ఉంచుకోవడం క్షేమమని నా అభిప్రాయం.

కాబట్టి ‘సివిల్, ఆస్తి వివాదాలు’ అని రాసుకోండి. ‘ఆస్తి కేసుల స్పెషలిస్టు’ అని రాసుకోకండి. సేవలు అందిస్తామని చూపే సదుపాయం ఆ సైటులో ఉంది, దాని జోలికి వెళ్లకండి. గెలిచిన కక్షిదారుతో కోర్టు మెట్ల మీద దిగిన ఫోటో, తీర్పు ప్రతి, కింద అభినందనల వరస చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి కానీ, ఆ నియమం కాదన్నది సరిగ్గా అటువంటి వాటినే. బొంబాయిలో కొందరు న్యాయవాదులు క్రిమినల్ కోర్టు గుమ్మం దగ్గర కక్షిదారుల మీద ఎగబడుతున్నారన్న వ్యవహారంలో, అలా వెంటపడడం వృత్తి దుష్ప్రవర్తనేనని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. ముక్కూమొహం తెలియనివారికి ‘మీ కేసు నాకు ఇవ్వండి’ అని మెసేజి పెట్టడానికీ దానికీ నాకు పెద్ద తేడా కనిపించదు. 2024 జులైలో మద్రాసు హైకోర్టు కూడా న్యాయవాదుల సేవలను ఆన్‌లైన్‌లో సరుకులా చూపే ధోరణిని తీవ్రంగా తప్పుపట్టి, చర్యలు తీసుకోవాలని బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. దుష్ప్రవర్తన రుజువైతే 1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షను కింద మందలింపు నుంచి సనదు (ప్రాక్టీసు చేసే అనుమతి) రద్దు వరకు ఏ శిక్షయినా పడవచ్చు.

ఇక కేసులు వస్తాయా అన్న మాట. గట్టు తగాదాతో పల్లె నుంచి వచ్చే రైతు లింక్డిన్ చూసి మీ ఆఫీసుకు రాడు. ఊరి పెద్దో, మీ పాత కక్షిదారో చెబితే వస్తాడు. లింక్డిన్‌లో మిమ్మల్ని చదివేది తోటి న్యాయవాదులు, కంపెనీల లీగల్ విభాగాల వారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న న్యాయవాదికి గోదావరి జిల్లాలలో ఒక దావా వేయవలసి వచ్చినప్పుడు, ఇక్కడి కోర్టు తెలిసి వాయిదా వాయిదాకూ వివరం పంపే మనిషి కావాలి. ఆ మనిషి మీరు కావచ్చు. మీ సహాధ్యాయులే ఇందుకు మొదటి దారి. అందుచేత వారికి పనికొచ్చేది రాయండి. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీకి అది మన దేశానికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించవచ్చన్న సంగతి లాంటివాటిని, గడువు దాటితే ఎదురయ్యే చిక్కులతో కలిపి నెలకొకసారి ఒక పేజీలో వివరించినా చాలు. రోజూ శుభోదయం సందేశాలు పెట్టేవారికి ఎవరూ దావా కాగితాలు పంపరు. ఫలితం కనబడడానికి ఒకటి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యపోవద్దు.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న ఒకరు లింక్డిన్‌లో తమ ఊళ్లోని పొలం తగాదా గురించి రాసి, దస్తావేజుల ఫోటోలు పంపి సలహా అడిగారు. జవాబు ఇవ్వవచ్చా?
– అదే న్యాయవాది

జవాబు: ఆయనే మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు కనుక పని అడిగిన తప్పు మీ మీద పడదు. అయితే సలహా చెప్పే ముందు ఎదుటి పక్షం పేరు అడగండి. ఒకే వ్యవహారంలో ఒక పక్షానికి సలహా ఇచ్చిన న్యాయవాది తర్వాత ఎదుటి పక్షం తరఫున పని చేయరాదని అదే బార్ కౌన్సిల్ నియమావళిలోని 33వ నియమం చెబుతోంది. మీరు సీనియర్ గారి దగ్గర ఉన్నప్పుడు ఇదే పొలం ఫైలు మీ చేతుల మీదుగా వెళ్లి ఉండవచ్చు. అలాంటిదేమీ లేదని తేలాక మాటలను ఈమెయిల్‌కు మార్చండి. ఫీజు ఎంతో, అది దేనికో అందులోనే స్పష్టంగా రాసి, అసలు దస్తావేజులు చూడనిదే తుది అభిప్రాయం ఇవ్వలేనని చెప్పండి.