జీనోమ్ అసెంబ్లీకి అరవై వేల కోర్సు అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి ఏడాది చదువుతోంది. జీవుల జీనోమ్‌లను (మొత్తం డీఎన్‌ఏను) ముక్కలుగా చదివి, కూర్చే (అసెంబ్లీ) రంగంలోకి వెళ్తానంటోంది. హైదరాబాద్‌లో ఓ శిక్షణ సంస్థ మూడు నెలల సర్టిఫికెట్ కోర్సుకు రూ.60 వేలు అడుగుతోంది. చేర్పించమంటారా? ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టకండి. ముందు ఉద్యోగాల సంగతి చూద్దాం. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో దొరికే పనిలో ఎక్కువ భాగం రీసీక్వెన్సింగ్. అంటే ముందే కూర్చి ఉన్న మనిషి నమూనా జీనోమ్ (రిఫరెన్స్) పక్కన రోగి డీఎన్‌ఏను పెట్టి తేడాలు పట్టుకోవడం. పది వేల మంది భారతీయుల జీనోమ్‌లు చదివిన జీనోమ్ ఇండియా కూడా ప్రధానంగా ఈ కోవలోదే. రిఫరెన్సే లేని జీవి జీనోమ్‌ను మొదటి నుంచి కూర్చే పని ఎక్కువగా సీసీఎంబీ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ లాంటి పరిశోధన సంస్థల్లో ఉంటుంది. అక్కడ పోస్టులు తక్కువ. అయినా అసెంబ్లీ వచ్చినవాళ్లు రీసీక్వెన్సింగ్‌కు తేలిగ్గా మారతారు, అటు నుంచి ఇటు రావడమే కష్టం. అమ్మాయి ఎంపికలో తప్పేమీ లేదు.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ‘అసెంబ్లీ ఎక్కడ తెగింది, ఎందుకు తెగింది’ అన్న ప్రశ్నకే విలువ. దానికి జవాబు చెప్పగలగాలంటే ఒక బ్యాక్టీరియా జీనోమ్‌ను మొదటి నుంచి చివరి దాకా తనే కూర్చాలి. ఈ-కోలై కే-12 తీసుకోమనండి. దాని పొడవు సుమారు 46.4 లక్షల బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు), అంటే జవాబు ముందే తెలుసు. అమెరికా సంస్థ ఎన్‌సీబీఐ వారి ఎస్ఆర్ఏ డేటా భాండాగారం నుంచి ఇల్యుమినా జంట రీడ్లను (ఒక్కో డీఎన్‌ఏ ముక్కను రెండు చివరల నుంచి యంత్రం చదివిన పొట్టి వరసలు) ఉచితంగా దించుకోవచ్చు. 60 రెట్ల కవరేజీ (ఒక్కో బేస్‌ను సగటున 60 సార్లు చదవడం) చాలు. 150 బేస్‌ల రీడ్లయితే 9.3 లక్షల జంటలు వస్తే సరిపోతుంది. కొన్ని డేటాసెట్లలో 400 రెట్లు ఉంటుంది, అదంతా వాడితే మంచిదనుకుంటారు. నిజానికి ఒకే రకం సీక్వెన్సింగ్ తప్పులు మళ్లీ మళ్లీ కనిపించి నిజమైన తేడాల్లా అనిపిస్తాయి, పని కూడా నెమ్మదిస్తుంది. సెక్‌టీకే సాఫ్ట్‌వేర్‌తో రీడ్లను తగ్గించుకోవాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్ ద్వారా ఉబుంటు లైనక్స్ పెట్టుకుని, ఫాస్ట్‌పీ సాఫ్ట్‌వేర్‌తో అడాప్టర్లు (సీక్వెన్సింగ్ కోసం చివర్లలో అతికించే కృత్రిమ డీఎన్‌ఏ) కత్తిరించి, స్పేడ్స్ సాఫ్ట్‌వేర్‌తో కూర్చాలి. 8 జీబీ ర్యామ్ చాలు. అదీ లేకపోతే బ్రౌజర్‌లోనే నడిచే గెలాక్సీ సర్వర్ ఉచితం.

ఫలితం ఒకే వలయంగా రాదు, వంద ముక్కల దగ్గర్లో వస్తుంది. చాలామంది ఇక్కడే ఆపేసి ఎన్50 అంకె (ముక్కలు ఎంత పొడవుగా వచ్చాయో చెప్పే కొలత) రాసుకుని వెళ్లిపోతారు. అసలు నేర్చుకోవాల్సింది ఇక్కడి నుంచే. స్పేడ్స్ ప్రతి ముక్క పేరులోనే దాని పొడవు, కవరేజీ రాస్తుంది. ఆ కవరేజీలను వరుసగా చూస్తే పెద్ద ముక్కల్లో చాలావాటిది దాదాపు ఒకే అంకె. కొన్ని వేల బేస్‌ల చిన్న ముక్కలు ఒకటి రెండు మాత్రం దాదాపు ఏడు రెట్లు చూపిస్తాయి. అవి రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులు. ఈ-కోలైలో ఆ జన్యు సమూహం ఏడు చోట్ల ఉంది, ఒక్కోటి సుమారు 5 వేల బేస్‌లు. 150 బేస్‌ల రీడ్ దాన్ని దాటలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏడింటినీ ఒకటిగా కుదించి, చుట్టూ ఉన్న దారులన్నీ తెంచేస్తుంది. అదే ఈ-కోలై రకానికి నానోపోర్ లేదా ప్యాక్‌బయో యంత్రాల పొడవాటి రీడ్లు తెచ్చుకుని ఫ్లై అనే సాఫ్ట్‌వేర్‌తో కూర్చమనండి. 10 వేల బేస్‌లు దాటిన రీడ్లు ఆ జన్యు సమూహాలను సునాయాసంగా దాటి, చాలావరకు ఒకే వలయం ఇస్తాయి. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి రెండు పేజీల నోట్ రాస్తే, ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకంటే గట్టి వస్తువు ఉండదు.

పంటల్లో ఇదే సమస్య చాలా పెద్దది. ఇక్రిశాట్ నాయకత్వంలో 2012లో ప్రచురితమైన కంది జీనోమ్‌లో 83.3 కోట్ల బేస్‌ల అంచనాకు దాదాపు 60.6 కోట్లే కూర్చగలిగారు. కారణం పొట్టి రీడ్లు, సగానికి పైగా పునరావృతాలు (మళ్లీ మళ్లీ వచ్చే వరసలు). ఇప్పుడైతే 15–20 వేల బేస్‌ల ప్యాక్‌బయో హైఫై రీడ్లు 30 రెట్లు తీసి, హైఫైఆస్మ్ సాఫ్ట్‌వేర్‌తో కూర్చి, హై-సీ డేటాతో (కణంలో ఏ డీఎన్‌ఏ భాగాలు దగ్గరగా ఉన్నాయో చెప్పేది) క్రోమోజోమ్‌ల వారీగా పేరుస్తారు. అక్కడ వచ్చే తప్పు వేరు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన కాపీలు బాగా తేడాగా ఉంటే రెండూ విడివిడిగా చేరిపోయి జీనోమ్ ఉండాల్సిన దానికంటే పెద్దదవుతుంది. బస్కో (ఉండి తీరాల్సిన జన్యువులు ఎన్ని దొరికాయో చూసే పరీక్ష) రిపోర్టులో ‘డూప్లికేటెడ్’ శాతం పెరిగితే మొదట అనుమానించాల్సింది దాన్నే. ఎన్50 మాత్రం గొప్పగానే కనిపిస్తుంది, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు.

కోడ్ ఎంత వచ్చినా, డీఎన్‌ఏ ముక్కలైపోతే పొడవాటి రీడ్లు రావు. ముదురు ఆకుల్లో పాలీశాకరైడ్లు, ఫినాల్‌లు ఎక్కువ కాబట్టి లేత ఆకులు తీసుకుంటారు. వోర్టెక్స్ (యంత్రంతో గట్టిగా కుదపడం) చేయకూడదు. డీఎన్‌ఏ శుభ్రత చెప్పే కాంతి శోషణ నిష్పత్తుల్లో 260/280 1.8 దగ్గర, 260/230 రెండు దగ్గర ఉండాలి. ఈ నిష్పత్తులు కొలిచే నానోడ్రాప్ యంత్రం ఆర్‌ఎన్‌ఏను కూడా కలిపి లెక్కేస్తుంది కనుక పరిమాణం మాత్రం క్యూబిట్ యంత్రంలోనే చూడాలి.

చదువు విషయానికొస్తే, పీజీ తప్పదు. ఎంఎస్సీకి జీఏటీ-బీ, సీయూఈటీ-పీజీ, ఐఐటీ జామ్ (బయోటెక్నాలజీ) ప్రవేశ పరీక్షలు మూడూ రాయించండి. సిలబస్ చాలావరకు ఒకటే. ఎంఎస్సీలో లైనక్స్ కమాండ్లు, పైథాన్, స్టాటిస్టిక్స్ మీద పట్టు రావాలి, జన్యుశాస్త్రం ఎలాగూ వస్తుంది. ఆ తర్వాత సీఎస్ఐఆర్-నెట్ జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, తర్వాత రూ.42 వేలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. బెట్, గేట్ పరీక్షలు కూడా పనికొస్తాయి. పీహెచ్‌డీ వద్దనుకుంటే ప్రాజెక్టు అసోసియేట్ పోస్టులున్నాయి, కానీ అవి ప్రాజెక్టు ఉన్నంతకాలమే.

ఇదంతా చూశాక కూడా కోర్సు కావాలనిపిస్తే ఆ సంస్థను మూడు అడగండి. శుభ్రం చేయని ముడి డేటా ఇస్తారా? సర్వర్‌లో ఎంత ర్యామ్ ఉంది (మనిషంత జీనోమ్‌ను హైఫైఆస్మ్‌తో కూర్చాలంటే వంద జీబీకి పైగా కావాలి)? అమ్మాయి చేత స్వయంగా డీఎన్‌ఏ తీయిస్తారా? మూడోదానికి ‘వీడియో చూపిస్తాం’ అంటే ఫోన్ పెట్టేయండి. ఇంట్లో చేసుకోలేనిది అదొక్కటే.