‘చనిపోయేవరకు యావజ్జీవం’ అనొచ్చా?

సందేహం: ఈమధ్య పేపర్లో ఒక తీర్పు గురించి రాస్తూ ‘చనిపోయేవరకు యావజ్జీవ ఖైదు’ అని వేశారు. యావజ్జీవం అంటేనే బతికున్నంతకాలం కదా, ఇది పునరుక్తి కాదా? మా ఊళ్లో ఎవర్నడిగినా యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లే అంటున్నారు. ‘శిక్ష ఖరారు’ అన్న మాట కూడా ఎక్కడ వాడాలో చెప్పగలరు. – ఒక పాఠకుడు, కందుకూరు

సమాధానం: మాట వరకే చూస్తే పునరుక్తే. యావత్ + జీవ కలిసి యావజ్జీవ అయింది, ప్రాణం ఉన్నంతవరకు అని అర్థం. అందులో పద్నాలుగూ లేదు, ఇరవయ్యీ లేదు. చట్టం చెప్పేదీ అదే. యావజ్జీవ శిక్ష అంటే బతికినంతకాలం శిక్షేనని, ఇన్నేళ్లు గడిచాయి కాబట్టి దానంతటదే అయిపోదని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ వినాయక్ గోడ్సే కేసులో తేల్చి చెప్పింది.

మరి పద్నాలుగేళ్ల మాట ఎక్కడిది? ఒంగోలులోనో నెల్లూరులోనో హత్య కేసు తీర్పు రోజున కోర్టు బయట కాసేపు నిలబడితే, ‘యావజ్జీవం పడిందంట’ అని ఒకరు ఏడుస్తుంటే ‘ఊరుకోమ్మా, పద్నాలుగేళ్లకి వచ్చేస్తాడులే’ అని పక్కనున్న పెద్దాయన ఓదార్చడం వినపడుతుంది. ఆ ఓదార్పు నిలబడదు, అదే నాకు బాధ. మరణశిక్ష కూడా వేయదగ్గ నేరానికి యావజ్జీవం పడ్డవాణ్ని కనీసం పద్నాలుగేళ్లు జైల్లో ఉన్నాక గానీ ప్రభుత్వం శిక్ష తగ్గించి వదలకూడదని 1978లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 433ఎ సెక్షన్ చేర్చారు (ఆ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 475). అంటే అంతకుముందు వదలొద్దన్న హద్దే గానీ, అప్పటికి వదిలేయాలన్న గడువు కాదు. ఆ తర్వాతైనా వదలడమా లేదా అన్నది ప్రభుత్వం చూసి నిర్ణయించుకోవాల్సిందే, ఖైదీ హక్కుగా అడిగి తీసుకునేది కాదు.

ఇక మీరు చూసిన వార్తలో విలేకరి తప్పు ఉండకపోవచ్చు. సామూహిక అత్యాచారం లాంటి కొన్ని నేరాలకు 2013 నుంచి చట్టమే ‘యావజ్జీవం, అంటే ఆ వ్యక్తి మిగిలిన సహజ జీవితమంతా’ అని విడమరిచి చెప్తోంది. జడ్జి తీర్పులోనే ఆ మాట ఉంటే విలేకరి ఏంచేస్తాడు? అలాంటిచోట ‘మిగిలిన జీవితమంతా జైలు’ అని రాస్తే తెలుగూ బాగుంటుంది, అర్థమూ చెడదు. తీర్పులో లేనప్పుడు మాత్రం ఉత్త ‘యావజ్జీవం’ చాలు, ఊపు కోసం ‘చనిపోయేవరకు’ తగిలించొద్దు. ఇంకోటి, కొన్ని కేసుల్లో హైకోర్టో సుప్రీంకోర్టో పాతికేళ్లనో ముప్పయ్యేళ్లనో అంకె చెప్పి అప్పటిదాకా శిక్ష తగ్గించడానికి వీల్లేదంటాయి, అప్పుడు ఆ అంకె వదిలేసి యావజ్జీవం అని ఊరుకుంటే వార్త సగమే చెప్పినట్టు.

ఖరారు సంగతి. జిల్లా స్థాయిలో ఉండే సెషన్స్ కోర్టులో ముందు నేరం రుజువైందో లేదో తేలుస్తారు, అది దోషిగా నిర్ధారించడం. తర్వాత శిక్ష గురించి వేరేగా వినాలి, చట్టం పెట్టిన నియమమే అది. ‘శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా?’ అని జడ్జి అడుగుతారు, ‘చిన్నపిల్లలు ఉన్నారయ్యా, ముసలి తల్లిని నేనే చూసుకోవాలయ్యా’ అని బోనులో మనిషి చెప్పుకుంటాడు, వయసు, పాత కేసులు, నేరం చేసిన తీరు అన్నీ చూసి అప్పుడు శిక్ష వేస్తారు. ఇది ‘విధించడం’. ఆ మధ్యలో ఉన్న మనిషి గురించి ‘శిక్ష ఖరారు కానుంది’ అని రాస్తే, విన్నదీ విననిదీ ఒకటే అన్నట్టుంటుంది. ఖరారు సరిగ్గా అతికేది ఉరిశిక్ష దగ్గర: సెషన్స్ కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ఆమోదించేవరకు అమలు చేయకూడదు. కాబట్టి ‘జిల్లా కోర్టు ఉరిశిక్ష ఖరారు చేసింది’ అనే హెడ్డింగు తప్పు, ‘విధించింది’ అనాలి. హైకోర్టు ఒప్పుకున్న రోజున ఖరారు అని రాసుకోండి.