చెక్క సంగతి రాయి తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన సూడాన్ కవిత రెండుసార్లు చదివాను. నీ కోపం నిజమైనదే, నాకేం డౌట్ లేదు, కానీ సగానికి పైగా మమ్మల్ని తిట్టడానికే అయిపోయింది, మీకు మనసు లేదా మీరు మనుషులేనా అని, ఇంతా చేస్తే అక్కడి ఎల్ ఫాషర్ ఊళ్ళో మనిషి ఒక్కడూ నాకు కనపడలేదు.

జనానికి పట్టదన్నావు, నిజమే. 2023 ఏప్రిల్ 15న అక్కడ ఆర్మీకీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళానికీ యుద్ధం మొదలైతే మన చానెళ్ళు కొన్నాళ్ళు బాగానే చూపించాయి, మనవాళ్ళు ఇరుక్కుపోయారు కాబట్టి. ఆపరేషన్ కావేరి పెట్టి 3,800 మందికి పైగా వెనక్కి తెచ్చారు. అంతే, ఆ తర్వాత సూడాన్ మన టీవీల్లో దాదాపు కనపడలేదు. నేనూ మర్చిపోయాను, ఆ సిగ్గు నాకింకా ఉంది.

ఎల్ ఫాషర్‌ని ఆర్‌ఎస్‌ఎఫ్ వాళ్ళు 2024 మే నుంచి అయిదొందల రోజుల పైనే దిగ్బంధం చేశారు, ఊరి చుట్టూ మట్టికట్ట కూడా పోశారు. లోపల జనం ఏం తిన్నారో తెలుసా, అంబాజ్. అంటే మన వేరుశనగ చెక్కే, గానుగలో నూనె తీసేశాక మిగిలేది. మా అమ్మ రాత్రి నానబెట్టి పొద్దున్నే గేదె కుడితిలో కలిపేది, ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు. ఆ వాసన ఎరిగినవాడికి "పిల్లలకి చెక్క పెట్టారు" అని ఒక్క ముక్క చెప్పు, ఇంక తిట్టక్కర్లేదు. కోటి మందికి పైగా ఇళ్ళు వదిలారన్న లెక్క దాని తర్వాత రాయి, అప్పుడు ఎక్కుతుంది.

నీ కవితలో ఆ ఏడ్చే తల్లిని మాత్రం తీసెయ్. ఆవిడ ఏ దేశం కవితలోనైనా ఉంటుంది, పైగా అక్కడివాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు కదా. కుర్రాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి తకాయా అని ఉమ్మడి వంటశాలలు నడిపారు, బాంబులు పడుతున్నా వీధిలో వాళ్ళకి వండిపెట్టారు, ఆఖరికి ఆ చెక్కకీ కరువొచ్చింది. 2025 అక్టోబర్ 26న ఆర్మీ స్థావరం పోయింది, ఊరు ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికెళ్ళింది, తర్వాత జరిగిన చంపుళ్ళ ఆనవాళ్ళు శాటిలైట్ ఫొటోల్లో కూడా కనపడ్డాయి. నీ కవిత ఆ ఫొటోలతో మొదలవుతోంది, అది చాలా లేటు.

మళ్ళీ రాయి. పొద్దున్నే పొయ్యి అంటించి, ఇవాళ ఎంతమందికి సరిపోతుందా అని గిన్నెలోకి చూస్తున్న మనిషి దగ్గర మొదలుపెట్టు. రాసి నాకు పంపు.

మీ అన్న