గోడ అవతల స్థలం ఫెడరల్ వాళ్లదైతే ఎవర్ని అడగాలి?

ప్రశ్న: నమస్కారం అండీ. మేం అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఇల్లు కొనుక్కుని నాలుగేళ్లయింది. మా కాలనీ గోడ అవతల పెద్ద ఖాళీ స్థలం ఉంది, ఎడారి పొదలు తప్ప ఏం లేవు, ఎవరో రాత్రిళ్లు వచ్చి పాత పరుపులు, పగిలిన కాంక్రీటు ముక్కలు పడేసి పోతారు, గాలి లేస్తే దుమ్మంతా మా ఇళ్లలోకే. అక్కడ పిల్లలకి పార్కు కట్టమని 30 కుటుంబాలం సంతకాలు పెట్టి కౌంటీకి, అంటే ఇక్కడి జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వానికి ఇస్తే, అది ఫెడరల్ ల్యాండ్, కేంద్ర ప్రభుత్వానిది, మా చేతిలో లేదన్నారు. ఫెడరల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే మీ కౌంటీని అడగండి అన్నారు. అసలు వీళ్లిద్దరూ కలిసి పనిచేయడం అనేది ఉంటుందా?
— ఒక పాఠకురాలు, నెవాడా

జవాబు: ఉంటుందండీ, దానికి చట్టాలే ఉన్నాయి. మీరు పట్టుకోవాల్సింది మాత్రం కౌంటీనే, కాకపోతే అడిగే పద్ధతి మార్చాలి.

నెవాడాలో దాదాపు 80 శాతం భూమి ఫెడరల్ ప్రభుత్వానిదే, అందులో ఎక్కువ భాగం బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది, అందరూ బీఎల్ఎం అంటారు. వాళ్ల మ్యాపు ఓసారి తీసి చూడండి, పసుపు రంగు వేసిందంతా బీఎల్ఎం, ఆకుపచ్చ ఫారెస్ట్ సర్వీసు, తెల్లగా వదిలేసింది ప్రైవేటు. మన ఊళ్లో భూమి రాష్ట్ర ప్రభుత్వం సబ్జెక్టు కాబట్టి పంచాయతీ తీర్మానం పట్టుకుని తహసీల్దారు దగ్గరకి వెళ్తాం, ఇక్కడ అది కుదరదు, కౌంటీ కమిషనర్లంతా ఒక్క మాట మీద ఉన్నా ఆ పసుపు స్థలంలో సొంతంగా ఒక బెంచీ కూడా వేయలేరు.

కానీ అడిగి తీసుకోగలరు. రిక్రియేషన్ అండ్ పబ్లిక్ పర్పసెస్ యాక్ట్ అని 1926 నాటి చట్టం ఉంది, 1954లో మార్చారు, ఆఫీసుల్లో ఆర్ అండ్ పీపీ అంటారు. పార్కు, స్కూలు, ఫైర్ స్టేషన్ లాంటి వాటికి కౌంటీ గానీ సిటీ గానీ దరఖాస్తు పెడితే బీఎల్ఎం ఆ స్థలాన్ని మార్కెట్ రేటు కంటే బాగా తక్కువకి లీజుకివ్వచ్చు, అమ్మనూ వచ్చు. అయితే ఏం కడతారు, ఎప్పటికి కడతారు, తర్వాత ఎవరు చూసుకుంటారు అనే ప్లాను కూడా చూపించాలి. మీ సంతకాల కాగితం ఆగిపోయింది ఇక్కడేనని నా అనుమానం, పార్కు కావాలన్నారు గానీ ఈ చట్టం కింద దరఖాస్తు పెట్టండి అని అడగలేదు.

మీరుండేది లాస్ వెగాస్ లోయలో అయితే ఇంకో దారి కూడా ఉంది. 1998లో వచ్చిన సదరన్ నెవాడా పబ్లిక్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ యాక్ట్ ప్రకారం ఏ స్థలాలు అమ్మాలో స్థానిక ప్రభుత్వాలు, బీఎల్ఎం కలిసి ఎంచుతాయి, వచ్చిన డబ్బు నెవాడాలోనే ఉపయోగపడాలని రాసుకున్నారు, 5 శాతం రాష్ట్రంలో చదువులకి, 10 శాతం నీళ్ల సంస్థకి, మిగతా 85 శాతం పార్కులు, ట్రైల్స్, ప్రకృతి రక్షణ లాంటి పనులకి. తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్ల కోసం 2024లో లాస్ వెగాస్ ఉన్న క్లార్క్ కౌంటీ ఇదే చట్టం కింద 20 ఎకరాలు ఎకరం 100 డాలర్ల చొప్పున కొంది, అంటే మొత్తం 2,000 డాలర్లు! కలిసి కూర్చుంటే ఇంత పని అవుతుంది, అందుకే నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1976 నాటి ఫెడరల్ ల్యాండ్ పాలసీ చట్టం ప్రకారం బీఎల్ఎం తన ప్లానులు రాసేటప్పుడు ఫెడరల్ చట్టం ఒప్పుకున్నంత వరకు స్థానిక ప్లానులతో కలిసేట్టు చూసుకోవాలి. మరి కౌంటీ దగ్గర రాసిపెట్టిన ప్లానే లేకపోతే దేనితో కలుపుతారు చెప్పండి? కౌంటీ ముందే ఒప్పందం మీద సంతకం పెట్టి కోఆపరేటింగ్ ఏజెన్సీగా, అంటే ప్లాను తయారీలో పాలుపంచుకునే సంస్థగా చేరితే డ్రాఫ్ట్ జనంలోకి రాకముందే చూసి, మా రోడ్డు ఇటు వస్తోంది, మా నీళ్ల పైపు అటు పోతోంది అని చెప్పుకోవచ్చు. చివరి నిర్ణయం బీఎల్ఎందే, వీటో ఏమీ రాదు, అయినా డ్రాఫ్ట్ బయటికొచ్చాక మీటింగుల్లో గట్టిగా అరిచే కంటే ఇది వంద రెట్లు నయం.

కాబట్టి ఆ సంతకాల కాగితం పారేయకండి. ఆస్తి పన్ను కోసం స్థలాల విలువ కట్టే కౌంటీ అసెసర్ ఆఫీసు వెబ్‌సైట్లో ఆ స్థలం పార్సెల్ నంబరు (మన సర్వే నంబరు లాంటిది) దొరుకుతుంది, అది కాగితం పైన పెద్దగా రాయండి, పరుపుల ఫోటోలు తేదీలతో సహా జత చేయండి, దగ్గర్లో ఉన్న పార్కు ఎన్ని మైళ్లో రాయండి. కౌంటీ కమిషనర్ల మీటింగులో పబ్లిక్ కామెంట్‌కి, అంటే జనం మాట్లాడటానికి ఇచ్చేది కొద్ది నిమిషాలే, అందుకని ఒక్కటే అడగండి: ఈ పార్సెల్‌ని మీ పార్కుల ప్లానులో చేర్చి ఆర్ అండ్ పీపీ కింద దరఖాస్తు పెడతారా లేదా. ఏమన్నారో మాకు తప్పకుండా రాయండి.