ఎదుటివారి నొప్పి చూస్తే మనకెందుకు బాధ? జంతువులకూ అంతేనా?

మన సొంత నొప్పిలోని బాధను నమోదు చేసే మెదడు భాగాలే, ముఖ్యంగా ఇన్సులా ముందుభాగమూ యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్సూ, ఎదుటివారి నొప్పిని చూసినప్పుడు కూడా కొంతమేర చురుకవుతాయి కాబట్టి సహానుభూతి పుడుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా లేపుతున్న హమాలీ వేలికి కొక్కెం గుచ్చుకుంటే, పక్కనున్న రైతు ‘అమ్మో’ అని మొహం చిట్లించడం అందువల్లనే. అయితే ఆ పోటు తన వేలిలో మాత్రం అతనికి తెలియదు. ఎలుకల్లోనూ ఇంతే: వాటి సింగ్యులేట్ భాగాన్ని మందుతో తాత్కాలికంగా అణచివేసినప్పుడు, తోటి ఎలుకకు షాక్ తగలడం చూసి బిగుసుకుపోవడం తగ్గింది. మిర్రర్ న్యూరాన్లే (మనం ఒక పని చేసినప్పుడూ, అదే పని ఇతరులు చేయడం చూసినప్పుడూ స్పందించే మెదడు కణాలు) దీనికంతటికీ మూలమన్నది బాగా ప్రచారంలో ఉన్న అపోహ. 1990ల తొలినాళ్లలో ఇటలీలోని పార్మాలో కోతుల మెదడులో బయటపడిన ఆ కణాలు చేతి కదలికలకు స్పందించేవి, జాలి వాటినుంచే పుడుతుందని రుజువు కాలేదు.