సగం రోజే తెరిచే గ్రంథాలయం గురించి ఎవరిని, ఏమని అడగాలి?

ప్రశ్న: మా ప్రాంతంలోని ప్రభుత్వ శాఖా గ్రంథాలయాన్ని సాయంత్రం పూట తెరవడం లేదు. అడిగితే ‘సిబ్బంది లేరు, నిధులు లేవు’ అంటున్నారు. దీనికి జవాబు చెప్పవలసింది ఎవరు? సమాచార హక్కు దరఖాస్తు వేస్తే ప్రయోజనం ఉంటుందా? హైదరాబాద్‌లో ఎవరైనా ప్రయత్నించారా?

ప్రయత్నించాను. ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. జనం పెట్టుకున్న అర్జీలకు ‘తమరి విజ్ఞప్తి పరిశీలనలో ఉన్నది’ అని జవాబులు రాసిన చేయి నాది. అంత అనుభవం ఉండి కూడా, కౌంటరుకు ఇవతలి పక్కన నిలబడేసరికి మొదటి దరఖాస్తు తప్పుగానే రాశాను. కాబట్టి మీరు తడబడితే సిగ్గుపడనక్కరలేదు.

మా కాలనీ నగరం అంచున ఉంటుంది. ఏ శాఖో, ఏ జిల్లా పరిధో చెప్పను. అక్కడ తాళంచెవులు దగ్గర పెట్టుకునే ఆయమ్మ ఇప్పటికీ ఔట్‌సోర్సింగ్ మీదే పనిచేస్తోంది. ఈ రాతల వల్ల ఆమెకు ఇబ్బంది రాకూడదు. గ్రంథాలయం గోడ మీద ‘ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7’ అని రాసిన పలక ఉంది. 2022 వేసవి నుంచి సాయంత్రం పూట గేటుకు గొలుసే. ఉదయం ఉన్న ఆ మూడు గంటల కోసం, గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు ఏడున్నరకే వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. లోపల కుర్చీలు చాలక కొందరు ప్లాస్టిక్ కుర్చీలు కొనుక్కుని, రాత్రిళ్లు వాటిని ఎదుటి కొబ్బరిబొండాల బండి దగ్గర గొలుసు వేసి ఉంచేవారు. పేపరు వేసే అతనికి ఐదు నెలల బిల్లు రాలేదని రెండు పత్రికలు మానేశాడు. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికి వెళ్లవచ్చు కదా అన్నవారూ ఉన్నారు. మా దగ్గర నుంచి రెండు బస్సులు మారి వెళ్లాలి; అక్కడ ఎంత రద్దీ ఉంటుందో నగరమంతటికీ తెలుసు.

మొదట చాలామంది చేసే పనే నేనూ చేశాను: లైబ్రేరియన్ మీద కోప్పడ్డాను. ఆయన ఏమీ అనలేదు. టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటూ, ‘సార్, నాకు పదకొండున్నరకల్లా ఇంకో శాఖ దగ్గర ఉండాలి’ అన్నాడు. ఒక్క మనిషికి రెండు శాఖలు. జీతం ఒకటే. ఎదురుగా దొరికిన మనిషి మీద అరిస్తే మనకు కాస్త తృప్తి, పైన కూర్చున్నవారికి కాస్త నిశ్చింత, అంతే.

2022 నవంబరులో వేసిన మొదటి దరఖాస్తులో ‘మా గ్రంథాలయాన్ని సాయంత్రం ఎందుకు తెరవడం లేదు? దీనికి బాధ్యులు ఎవరు?’ అని అడిగాను. ఇరవై తొమ్మిదో రోజున ఒకే వాక్యంతో జవాబు వచ్చింది. మీరు కోరినది చట్టం నిర్వచించిన ‘సమాచారం’ కిందికి రాదట. కోపం వచ్చిన మాట నిజమే గానీ, ఆ జవాబు సరైనదే. 2005 నాటి ఆ చట్టం కార్యాలయంలో ఉన్న కాగితాన్ని మన చేతికి ఇప్పిస్తుంది. ‘ఎందుకు’ అన్నదానికి అక్కడ కాగితం ఉండదు. ఉన్నదల్లా రిజిస్టర్లు, ఉత్తర్వులు, లేఖలు, నోటు ఫైళ్లు. అడగవలసింది వాటినే.

ఇంకో తప్పు కూడా చేశాను. ‘సిబ్బంది లేరు, నిధులు లేవు, అందుకే సేవ లేదు’ అని మూడు మాటలు కలిపి చెబితే నేనూ మూడింటినీ కలిపే అడిగాను. నిజానికి ఒక్కోదానికి జవాబుదారు వేరు. పోస్టులు నింపాలంటే ప్రభుత్వంలోని గ్రంథాలయాల విభాగం ప్రతిపాదన పంపాలి, ఆర్థిక శాఖ అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాత నియామక ప్రకటన. నిధుల దారి వేరు. గ్రంథాలయ చట్టం 1960 నాటిది. దాని ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. దాన్ని పురపాలక సంస్థ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇక వేళలు పాటించడం, హాజరు చూడడం పైఅధికారి పని. మూడింటినీ ఒకే మూటగా కట్టి అడిగితే, ఒక్కొక్కరూ ఆ మూటను పక్కవాడి భుజానికి ఎత్తి తప్పుకుంటారు.

సెస్సు సంగతి మా కాలనీ సంఘం సమావేశంలో చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు. పన్ను కాగితం తెచ్చి లెక్క కట్టాను. పన్ను 3,000 రూపాయలైతే సెస్సు 240. మా కాలనీలో 212 ఇళ్లు. అందరివీ అంతే అనుకుంటే ఏడాదికి 50,880 రూపాయలు. ఒక్క కాలనీ నుంచే. పేపరు బిల్లు కట్టలేకపోవడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు, డబ్బు ఎక్కడో ఆగిపోవడం అని అప్పుడు అందరికీ అర్థమైంది. అంతవరకు నన్ను ‘రిటైరై పొద్దుపోని మనిషి’ అనుకున్నవారే ఆ తర్వాత నాతో కార్యాలయాలకు వచ్చారు.

2023 జనవరిలో రెండో దరఖాస్తు వేశాను. గ్రంథాలయ కార్యాలయానికి ఒకటి, పన్ను వసూలు చేసే కార్యాలయానికి ఒకటి, విడివిడిగా. వాటిలో ‘ఎందుకు’ అన్న మాటే రానివ్వలేదు. శాఖకు మంజూరైన పోస్టులు హోదాల వారీగా ఎన్ని, ఇప్పుడు పనిచేస్తున్నవారు ఎందరు, ఖాళీలు ఏ తేదీ నుంచి ఉన్నాయి అని అడిగాను. లైబ్రేరియన్‌కు అదనపు బాధ్యతలు అప్పగించిన ఉత్తర్వు నకలు, గత మూడు నెలల హాజరు పట్టీ నకలు కోరాను. పన్ను కార్యాలయాన్ని గ్రంథాలయ సెస్సుకు సంబంధించిన డీసీబీ అడిగాను. డీసీబీ అంటే డిమాండు, వసూలు, బకాయి చూపే పట్టిక. ఆ కార్యాలయాల్లో ఎవరిని అడిగినా తెలుస్తుంది. దానితోపాటు, వసూలైన సెస్సులో గ్రంథాలయ సంస్థకు జమ చేసినది ఎంత, ఏ తేదీన, బకాయి కోసం ఆ సంస్థ రాసిన లేఖల నకళ్లు ఇవ్వండి అన్నాను. చివరగా ఆడిట్ అభ్యంతరాలు, వాటికి ఇచ్చిన జవాబులు. తెలుగులోనే రాశాను, దరఖాస్తు ప్రాంతపు అధికార భాషలో ఉండవచ్చని చట్టంలోనే ఉంది. రుసుము పది రూపాయలు.

జవాబుకు చట్టం ఇచ్చిన ముప్పై రోజులు గడిచాయి. గ్రంథాలయం వైపు నుంచి సగం జవాబు వచ్చింది: మంజూరైన పోస్టులు మూడు, పనిచేస్తున్నది ఒకరు, ఆ ఒకరికీ మరో శాఖ అదనం. పన్నుల వైపు నుంచి ఏమీ రాలేదు. మొదటి అప్పీలు వేశాను. ముప్పై రోజుల్లోపు వేయాలి, పైఅధికారే వింటారు, రుసుము లేదు. విన్నారు. ‘సమాచారం ఇవ్వండి’ అని ఉత్తర్వు కూడా ఇచ్చారు. వచ్చినవి రెండు కాగితాలు, అవీ అసంపూర్ణం.

దాని తర్వాతి మెట్టు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కానీ 2023 ఫిబ్రవరి నెలాఖరు నుంచి మన రాష్ట్ర కమిషన్‌లో ప్రధాన కమిషనర్ గానీ, కమిషనర్లు గానీ ఒక్కరూ లేరు. 2025 మేలో నియామకాలు జరిగేదాకా ఆ కుర్చీలు ఖాళీ. గ్రంథాలయంలో ఖాళీలు ఎందుకున్నాయని అడగడానికి వెళ్తే, అడగవలసిన చోటే ఖాళీలు! ఇప్పుడు ఆ దారి తెరుచుకుంది కాబట్టి మీరు తొంభై రోజుల గడువులోపు రెండో అప్పీలు వేసుకోవచ్చు. నేను మాత్రం మరో దారి పట్టాను.

చట్టంలో ఫైలును స్వయంగా చూసే హక్కు ఉంది. చాలామంది దాన్ని వాడరు. మొదటి గంట ఉచితం, ఆపైన నామమాత్రపు రుసుము. తేదీ, సమయం రాసి ఇమ్మని కోరాను, ఇచ్చారు. జూన్ నెల, కరెంటు లేని గదిలో కిటికీ దగ్గర కుర్చీ వేశారు. ఫైలు పలచగానే ఉంది. సెస్సు బకాయి జమ చేయమని గ్రంథాలయ సంస్థ రాసిన లేఖలు మూడు. మూడింటిలోనూ అవే వాక్యాలు, తేదీ తప్ప ఏమీ మారలేదు. ‘బకాయి’ని మూడింటిలోనూ ‘బాకాయి’ అనే రాశారు. నాకు నవ్వు వచ్చింది. ఇలాంటి లేఖలు నేనెన్ని రాశానో! మార్చి నెలాఖరులో పైనుంచి అడిగితే ‘లేఖ రాశాం’ అని చూపించడానికి రాసేవి అవి. డబ్బు రావడానికి కాదు.

మూడో లేఖ చివరి అంచున ఎర్ర సిరాతో ‘ఎల్.డిస్’ అని ఉంది. కార్యాలయాల్లో పనిచేసినవారికి ఆ రెండు ముక్కల అర్థం తెలుసు: ఈ కాగితం మీద ఇక చేసేదేమీ లేదు, మూసి పక్కన పెట్టండి, ఏడాది దాటితే చింపేయవచ్చు. రావలసిన బాకీ రానేలేదు, బాకీ అడిగే కాగితాన్ని మాత్రం మూసేశారు. పక్కన పొట్టి సంతకం, తేదీ. ఆ పుట ధ్రువీకృత నకలు తీసుకున్నాను, రెండు రూపాయలు. ఎనిమిది నెలల తిరుగుళ్లలో నాకు పనికొచ్చింది ఆ ఒక్క పుటే.

ఎందుకంటే, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా ‘గ్రంథాలయం బాగోలేదు’ అని చెప్పుకోవలసిన అవసరం రాలేదు. ‘ఈ తేదీన ఈ ఫైలును ఎందుకు మూశారు?’ అని అడిగాను. అది కాగితం ముందు పెట్టి అడిగే ప్రశ్న కాబట్టి తప్పించుకోవడం కష్టం. అధికారులు జనం అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణిలో ఇచ్చాను. రసీదు ఇచ్చారు; పదిహేను రోజులకు అది తిరిగి తిరిగి ఆ ఫైలు మూసిన కార్యాలయానికే ‘తగు చర్య నిమిత్తం’ చేరింది. అలా జరుగుతుందని నాకు ముందే తెలుసు. అయినా రసీదు సంఖ్య ఉండాలి, తర్వాత పనికొస్తుంది.

శాసనసభ్యుడి దగ్గరికి కాలనీవాళ్లం పదిమందిమి వెళ్లాం. ఆయన సహాయకుడు నకళ్లు చూసి, ‘దీని మీద ప్రశ్న వేయవచ్చు’ అన్నాడు. ఎల్ఏక్యూ, అంటే సభలో శాసనసభ్యుడు వేసే ప్రశ్న, కార్యాలయానికి వచ్చిందంటే ఎంత అలజడి ఉంటుందో నా ఉద్యోగంలో చూశాను. అర్జీ ఆర్నెల్లు పడుకుంటుంది. ఎల్ఏక్యూ వచ్చిన రోజు మాత్రం భోజనానికి కూడా లేవనివ్వరు. తప్పుడు లెక్క పంపితే సభలో ఇరుక్కునేది మంత్రి కాబట్టి, ఆ భయంతోనే లెక్కలు సరిగ్గా వస్తాయి. చివరికి ప్రశ్న వేయలేదు గానీ, నకళ్లు జతచేసి ఆయన తన లెటర్‌హెడ్ మీద లేఖ రాశారు.

బడ్జెట్ పుస్తకం చూసి మోసపోకండి. కేటాయింపు ఒకటి, విడుదల ఇంకొకటి, ఖర్చు మరొకటి. పత్రికల్లో వచ్చేది మొదటిదే. మీరు అడగవలసింది రెండోది, మూడోది.

సెప్టెంబరులో పేపరు బిల్లుల బకాయి తీరింది. అక్టోబరులో సాయంత్రం పూటకు ఔట్‌సోర్సింగ్ మీద ఒక అటెండరును వేశారు, గొలుసు తీశారు. ఇది మా కాగితాల బలమని చెప్పుకోవాలని ఉంది గానీ, 2023 నవంబరు 30న శాసనసభ ఎన్నికలు ఉన్నాయన్న సంగతి కూడా మరవకూడదు. ఏది ఎంత పనిచేసిందో తేల్చలేను. మంజూరైన మూడు పోస్టుల్లో రెండు ఇప్పటికీ ఖాళీయే. లైబ్రేరియన్ ఇప్పటికీ పదకొండింటికి టిఫిన్ డబ్బా సర్దుకుని రెండో శాఖకు వెళ్తున్నాడు. సెస్సులో కొంత జమ అయిందట. ఎంతో ఇంకా కాగితం మీద చూడలేదు.

మీ విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. దరఖాస్తు ఒక్కరి పేరుతో వేసినా, కార్యాలయానికి మాత్రం ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. లోపలి ఉద్యోగి ఎవరైనా చాటుగా సమాచారం చెబితే, వారి పేరు దరఖాస్తులో గానీ, మాటల్లో గానీ రానివ్వకండి. వారు చెప్పిన ఫైలును మీరే పేరుపెట్టి అడగండి. ముప్పయ్యో రోజు ఏదో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి.

నేను ప్రతి ఏప్రిల్‌లో అవే ప్రశ్నలు మళ్లీ పంపుతున్నాను. తేదీ ఒక్కటే మారుస్తాను. ఆ మూడు లేఖలు రాసిన గుమాస్తా పద్ధతే. తేడా ఏమిటంటే ఈ ఫైలును మూసే ఎర్ర సిరా నా దగ్గర లేదు. మీ శాఖ వేళలు, అక్కడివారు చెప్పిన జవాబు ఉన్నవి ఉన్నట్టు రాసి, దరఖాస్తు ముసాయిదా ఇక్కడే పెట్టండి. పంపే ముందు ఒకసారి చూసి, ‘ఎందుకు’లు ఉంటే కొట్టేసి ఇస్తాను.