మీడియా సర్వర్‌ను కొత్త యంత్రానికి మార్చడం

ప్రశ్న: పాత కంప్యూటర్‌లో లినక్స్‌పై నడుస్తున్న జెల్లీఫిన్ (మన సినిమాలను ఇంట్లోని టీవీ, ఫోన్లకు అందించే సాఫ్ట్‌వేర్) సర్వర్‌ను మినీ పీసీకి మార్చాలనుకుంటున్నాను. ఇంట్లో ఎవరు ఏ సినిమా ఎంతవరకు చూశారన్న వివరాలు పోకుండా ఎలా మార్చాలి?

జవాబు: ఆ వివరాలు సినిమా ఫైళ్లలో కాక జెల్లీఫిన్ డేటాబేస్‌లో ఉంటాయి కనుక, ముందుగా పాత సర్వర్‌ను పూర్తిగా ఆపి, డేటా, కాన్ఫిగరేషన్ ఫోల్డర్లను కాపీ చేసుకోండి, సర్వర్ నడుస్తుండగా తీసిన కాపీని నమ్మలేం. కొత్త యంత్రంలో అదే వెర్షన్‌ను ఇన్‌స్టాల్ చేసి, సర్వర్‌ను ఆపి, ఆ ఫోల్డర్లను పాత స్థానాల్లోనే ఉంచి, వాటి అనుమతులను జెల్లీఫిన్ నడిచే లినక్స్ యూజర్ ఖాతా పేరిట సరిచేయండి. సినిమాల డిస్కును తప్పనిసరిగా పాత పాత్‌లోనే (అంటే పాత ఫోల్డర్ చిరునామాలోనే) మౌంట్ చేయాలి, అంటే జోడించాలి, ఎందుకంటే పాత్ మారితే సర్వర్ వాటిని కొత్త ఫైళ్లుగా భావిస్తుంది. వెర్షన్ అప్‌గ్రేడ్‌ను ఇదంతా సవ్యంగా నడిచాకే చేయండి. మినీ పీసీ ఇంకా కొనకపోతే, 10 బిట్ హెచ్‌ఈవీసీ (వీడియోను బాగా కుదించే పద్ధతి) వీడియోను హార్డ్‌వేర్‌లోనే వేరే ఫార్మాట్‌లోకి మార్చగల ఇంటెల్ 7వ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్‌ను, అందులో ఆ పని చేసే గ్రాఫిక్స్ భాగం ఉందో లేదో చూసి, ఎంచుకోండి.